హాలు వాళ్ళది, ఇష్టం వాళ్ళదట!

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది అదే మెసేజ్. మొదట మా బాబాయి కొడుకు పంపాడు. తర్వాత గుడి కమిటీ గ్రూపులో వచ్చింది, ఆ తర్వాత నాతోపాటే వైర్లు లాగే మిత్రుడి నుంచి. నిన్న రాత్రి మళ్ళీ బాబాయి కొడుకే, ఈసారి రెండు చేతులు జోడించిన బొమ్మతో. ‘అమెరికా యూనియన్ హైరింగ్ హాల్ అసలు రంగు’ అట. హైరింగ్ హాల్ అంటే, పని కావాల్సినవాళ్ళ లిస్టు పెట్టుకుని వరసగా పనులకు పంపే చోటు. అయిదు పాయింట్లు, కింద ‘పదిమందికీ పంపండి’.

ఆ లిస్టులో పేరు రాయించుకుని పదకొండు వారాలు ఫోను వంక చూస్తూ కూర్చున్నవాణ్ణి నేను. హాలు మీద నాకేమీ భక్తి లేదు. అయినా అబద్ధం అబద్ధమే.

మొదటి పాయింటు: ఇది మాఫియా పద్ధతి. అయ్యా, 1934కు ముందు శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో పని ఎలా దొరికేది? తెల్లారకముందే ఎంబార్కడేరో మీద గుంపుగా నిలబడితే మేస్త్రి వచ్చి ‘నువ్వు, నువ్వు’ అని వేలు చూపించేవాడు. చేయి తడిపినవాడికి పని, మిగతావాళ్ళు ఇంటికి. మన దగ్గర లేబర్ అడ్డా చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ వేలు పోవాలనే పడమటి తీరం రేవు కార్మికులు 83 రోజులు సమ్మె చేశారు. జూలై 5న పోలీసు కాల్పుల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు చనిపోయారు. అక్టోబరులో మధ్యవర్తుల తీర్పుతో హాలు వచ్చింది. నడిపేది యజమానులూ యూనియనూ కలిసి, లిస్టు చూసి పనికి పంపే డిస్పాచర్ మాత్రం యూనియన్ ఎంచుకున్నవాడు. మాఫియా అట.

రెండోది: సభ్యులకే పని ఇస్తారు. 1947లో టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం వచ్చాక అలా చేయడం కుదరదు. సభ్యుడు కానివాడు కూడా తగిన రుసుము కట్టి లిస్టులో చేరొచ్చు. అయిదోది: డిస్పాచర్లకు మర్యాద తెలియదు. ఒప్పుకుంటాను, మావాడు పలకరిస్తే తలెత్తడు. దానికి చట్టమేమీ లేదు.

మూడో పాయింటు తెలివైనది, అందుకే చిరాకు. హాలు నడిపేటప్పుడు యూనియన్ యజమాని స్థానంలో ఉంటుంది కాబట్టి, అందరి తరఫునా న్యాయంగా నిలబడాల్సిన బాధ్యత అక్కడ వర్తించదట. సరిగ్గా ఇదే వాదన 1989లో బ్రైనింగర్ కేసులో సుప్రీంకోర్టు ముందుకెళ్ళి ఓడిపోయింది. ఆయన షీట్ మెటల్ కార్మికుడు. యూనియన్ స్థానిక శాఖను నడిపే బిజినెస్ మేనేజర్‌కు ప్రత్యర్థిని బలపరిచినందుకే తనను పనికి పంపలేదన్నాడు. కోర్టు ఏమంది? యజమాని చేతిలో ఉండాల్సిన అధికారం యూనియన్ చేతికి వచ్చిందంటే, దాన్ని న్యాయంగా వాడాల్సిన బాధ్యత పెరుగుతుందే తప్ప తగ్గదు అంది. అసలు ఆ బాధ్యత పుట్టిందే 1944లో, స్టీల్ అనే నల్లజాతి రైల్వే ఫైర్‌మన్ (రైలింజనులో బొగ్గు వేసే కార్మికుడు) కేసులో. తనను సభ్యుడిగానే చేర్చుకోని యూనియన్ తన ఉద్యోగాన్ని బేరం పెడితే ఆయన కోర్టుకెక్కాడు. రెండో పాయింటు రాసిన చేతికి ఇదీ తెలిసుంటే బాగుండేది.

ఇక నాలుగోది. మిగతా నాలుగూ కలిపినా ఇంత హాని చేయవు. “మీ పేరు దాటేసి కిందివాణ్ణి పంపితే వెంటనే గొడవ పెట్టుకోవద్దు. యూనియన్ లోపలే అప్పీళ్ళన్నీ ముగించండి. ఏడాది, రెండేళ్ళయినా కేసు వేసుకోవచ్చు. తొందరపడితే పేరే కొట్టేస్తారు.”

ఈ సలహా ఇచ్చినాయన ఏ లాయరో, ఏ జ్యోతిష్కుడో గానీ, జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు ఫిర్యాదు చేయడానికి గడువు 6 నెలలు. ఏడాది కాదు, రెండేళ్ళు కాదు. ఆ 6 నెలల్లోపు ఫిర్యాదు దాఖలు కావడమే కాదు, దాని నకలు అవతలి పక్షానికి చేరాలి కూడా. యూనియన్ లోపల మీ అప్పీలు నడుస్తోంది కదా అని క్యాలెండరు ఆగి చూడదు. ఫిర్యాదుకు రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. ఫిర్యాదు చేశాడని పేరు కొట్టేస్తే అదే మరో ఫిర్యాదుకు కారణమవుతుంది. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది: నన్ను దాటేశారేమోనన్న అనుమానం ఉంది, లిస్టూ పంపిన రికార్డులూ చూపించండి, నకలు కావాలి అని అడగడం. సహేతుకంగా అడిగితే ఇవ్వకపోవడమే తప్పు. కానీ మనవాళ్ళకు రికార్డు అడగాలంటే మొహమాటం, ఫార్వర్డు కొట్టడానికి మాత్రం ఏ మొహమాటమూ ఉండదు!

సరే, ఒక్క చోట మెసేజ్ నిజం చెప్పింది. ‘ఇలాంటివి గెలవడం కష్టం’ అని అదే నాలుగో పాయింటు చివర రాశారు. కష్టమే. ఉత్తర కాలిఫోర్నియాలో ఒక పైపు ఫిట్టరు వంతు తప్పిపోయింది. అది పక్షపాతం కాదు, హాల్లో జరిగిన పొరపాటు. ఉత్త పొరపాటు బాధ్యతను ఉల్లంఘించడం కాదని బోర్డు అంది, వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు 2003లో దాన్నే నిలబెట్టింది. కక్షో, వివక్షో, తలాతోకా లేని నిర్ణయమో అని చూపించాలి. ఆ తీర్పు నాకు నచ్చలేదు. పొరపాటు వాళ్ళదైనా ఆ వారం జీతం పోయేది మనకే. అంతమాత్రాన ఏడాది ఆగమంటారా?

ఇదంతా ఎందుకంటే, బాబాయి కొడుకు బావమరిదిని మార్చి 20న దాటేశారట. ‘మెసేజ్‌లో ఏడాది అన్నారుగా’ అని నిమ్మళంగా ఉన్నాడు. ఇవాళ సెప్టెంబరు 9. ఫార్వర్డులు ఆపి ఫారం నింపించమని చెప్పి, ఇది రాయడానికి కూర్చున్నాను.