లెన్స్ పెట్టుబడి కాదు: ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కి నా జవాబు

పెళ్ళి ఫొటోగ్రాఫర్ల గ్రూపుల్లో తిరుగుతున్న ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఈసారి పంపింది కొత్తగా స్టూడియో పెట్టబోతున్న ఒక అబ్బాయి. "ఇది నిజమేనా అన్నా, రేపు షాపుకెళ్తున్నా" అని అడిగాడు. తనొక్కడికి చెప్పి ఊరుకుంటే చాలదనిపించి ఇక్కడ రాస్తున్నాను. అందులో ఉన్న మాటలు ఐదు. ముందు ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా బాడీ కొనండి, లెన్స్ తర్వాత చూసుకోవచ్చు. బరువున్న మెటల్ లెన్సే లెన్స్, ప్లాస్టిక్‌ది బొమ్మ. మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కొత్త తరం కెమెరాకి) మారితే బ్యాగు బరువు సగమవుతుంది. లెన్స్ ఖర్చు కాదు పెట్టుబడి, దాని రేటు పడదు, కాబట్టి ఈఎంఐ పెట్టయినా పెద్దదే తీసుకోండి. వేరే కంపెనీ లెన్సుల జోలికి పోకండి.

బాడీ ముందు అనే మాట దగ్గర మొదలుపెడదాం. ఉన్న డబ్బంతా బాడీకి పోస్తే చేతిలో మిగిలేది కిట్ లెన్స్, అంటే బాడీతో పాటు వచ్చే మామూలు లెన్స్. కెనాన్ ఆర్‌ఎఫ్‌లో (దాని మిర్రర్‌లెస్ లెన్సుల వరసలో) 24-105 కిట్ లెన్స్ జూమ్ చివరికి వెళ్తే ఎఫ్7.1. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది, ఒక్కో స్టాపుకి సగమవుతుంది. ఎఫ్2.8తో చూస్తే రెండున్నర స్టాపులకు పైగా వెలుతురు పోయింది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ మీద ఇచ్చే లాభం ఒక స్టాపు, ఇంకాస్త. రాత్రి ముహూర్తానికి పల్లెటూరి మండపంలో ఆ లెక్క ఎవరికి అనుకూలమో మీరే చూడండి. చిన్న సెన్సర్ మీద సిగ్మా 18-50 ఎఫ్2.8 పెట్టుకున్నవాళ్ళకి తక్కువ ఐఎస్‌ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచేది, పెంచితే ఫొటో గరుకవుతుంది) సరిపోతుంది. ఆ లెన్స్ బరువు 290 గ్రాములే. దాని రీచ్ (దూరంగా ఉన్నదాన్ని ఎంత దగ్గరకు లాగుతుందన్నది) ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 75 ఎం.ఎం. దగ్గర ఆగుతుంది, నిజమే. జీలకర్ర బెల్లం క్లోజప్‌కి రెండడుగులు ముందుకు వెయ్యాలి.

కావలసిన రెండు మూడు లెన్సుల పేర్లు ముందు రాసుకుని, వాటి ధర, బరువు ఏ కంపెనీలో ఎంతో చూసి, ఆ తర్వాత బాడీ దగ్గరకు రావాలి. మెసేజ్ చెప్పింది సరిగ్గా దీనికి తలకిందులు.

మెటల్, బరువు సంగతి త్వరగా తేల్చేస్తాను. సోనీ ఖరీదైన వరస జీఎంలో 24-70 ఎఫ్2.8 మొదటిది 886 గ్రాములు. 2022లో వచ్చిన రెండోది 695. ఫుజీ 16-55 ఎఫ్2.8 మొదటిది 655, 2024లో వచ్చిన రెండోది 410. రెండు చోట్లా కొత్తది తేలిక, పనితనంలో మెరుగు. బరువే నాణ్యత అయితే ఈ కంపెనీలన్నీ వెనక్కి నడుస్తున్నట్టా? గట్టిదనం చూడాలంటే మౌంట్ (లెన్స్ బాడీకి తగిలే చోటు) దగ్గర రబ్బరు రింగు ఉందా, జూమ్ రింగు వదులుగా జారుతోందా అన్నది చూడాలి. కాకినాడలో, మచిలీపట్నంలో ఉప్పుగాలి, తేమ ఉంటాయి. మెటల్ బాడీ ఉన్నంత మాత్రాన లోపల ఫంగస్ రాకుండా ఉండదు. ఫంగస్‌ని ఆపేది డ్రై క్యాబినెట్ (తేమను అదుపులో ఉంచే బీరువా), లేదంటే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్.

మూడోది సగం బరువు మాట. బాడీ తగ్గింది, ఒప్పుకుంటాను. లెన్సులు? కెనాన్ పాత అద్దం కెమెరాల ఈఎఫ్ 24-70 ఎఫ్2.8 రెండో వెర్షన్ 805 గ్రాములుంటే, మిర్రర్‌లెస్ ఆర్‌ఎఫ్‌ది స్టెబిలైజర్‌తో (చేతి వణుకుని సర్దేదానితో) కలిపి 900. నికాన్ పాత 50 ఎఫ్1.8జీ 185 గ్రాములు, మిర్రర్‌లెస్ జెడ్ మౌంట్ 50 ఎఫ్1.8 ఎస్ 415. ఆ కొత్త నికాన్ చాలా మంచి లెన్స్, దానికి వంక పెట్టను. కానీ తెల్లవార్లూ రెండు కెమెరాలు మెడలో వేసుకుని తిరిగేవాళ్ళకి బ్యాగు సగమవుతుందని చెప్పేముందు ఒక్కసారి కాటా మీద పెట్టి చూడాలి కదా.

ఇక నాకు అసలు కోపం తెప్పించింది నాలుగోది. లెన్స్ పెట్టుబడి అట, రేటు పడదట. ఈ మాట నమ్మి కుర్రాళ్ళు అప్పు చేస్తున్నారు. పంపేవాళ్ళకు అది కనిపించడం లేదా?

లెన్స్ విలువ అది తగిలే మౌంట్ మీద ఆధారపడి ఉంటుంది, ఆ మౌంట్‌ని బతికించడం కంపెనీ చేతిలో ఉంటుంది. శామ్‌సంగ్ 2010లో ఎన్‌ఎక్స్ మౌంట్ మొదలుపెట్టి కొన్నేళ్ళకే మొత్తం కెమెరాలే వదిలేసింది. నికాన్ 1 సిరీస్ 2011లో వచ్చి 2018లో ముగిసింది. కెనాన్ ఈఎఫ్-ఎం మౌంట్ 2012లో వచ్చింది, 2023లో ఆపేశారు. ఈఎఫ్-ఎం లెన్స్ సెన్సర్‌కి 18 ఎం.ఎం. దూరంలో కూర్చోవాలి, ఆర్‌ఎఫ్ మౌంట్ 20 ఎం.ఎం. దూరంలో ఉంది. అంటే మధ్యలో రింగు పెట్టడానికి చోటే లేదు, అందుకే ఆ లెన్సులను కొత్త బాడీలకు పెట్టుకునే అడాప్టర్ (రెండు మౌంట్లను కలిపే రింగు) కెనాన్ ఇవ్వలేదు. అవి కొన్నవాళ్ళ పెట్టుబడి ఏమైంది? నికాన్ 80-200 ఎఫ్2.8డీ ఇనుప గుండులా ఉంటుంది, ఎన్నో పెళ్ళిళ్ళు తీసిన లెన్స్. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద జెడ్ బాడీకి పెడితే ఆటోఫోకస్ పనిచెయ్యదు, ఎందుకంటే ఆ లెన్స్‌ని తిప్పే మోటారు పాత బాడీలో ఉండేది. మౌంట్ మారకపోయినా సరే, రెండో వెర్షన్ వచ్చిన రోజున మొదటి వెర్షన్ రేటు దిగుతుంది. పైగా సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్ళు ముందు చేసే పని టార్చి వేసి లోపల ఫంగస్ ఉందేమో చూడడం.

కెనాన్ పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్‌ఎఫ్ బాడీల మీద బాగా పనిచేస్తాయి, అది నేను కాదనను. అలాగని అందులోంచి "రేటు పడదు" అన్న మాట రాదు. పనిచెయ్యడం వేరు, కొన్న ధర తిరిగి రావడం వేరు.

ఈఎంఐ సంగతి ఇంకా ఘోరం. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. మూఢం వస్తే ఉండవు. వాయిదా మాత్రం ప్రతి నెలా ఉంటుంది. మెసేజ్ రాసిన మనిషి ఆ నెలల్లో వచ్చి కడతాడా? సీజన్‌లో నాలుగు పెళ్ళిళ్ళకే 70-200 (దూరం నుంచి తీసే పెద్ద జూమ్) కావాలనుకుంటే హైదరాబాద్‌లో, విజయవాడలో రోజు అద్దెకు దొరుకుతుంది. అద్దె డబ్బు పెళ్ళివారి బిల్లులోంచే వస్తుంది. ఏడాది పొడవునా వాడే లెన్స్‌కే అప్పు గురించి ఆలోచించాలి, అదీ చేతిలో బుకింగులు ఉన్నప్పుడు. తండ్రి పొలం మీద తెచ్చిన డబ్బుని "పెట్టుబడి" అనే ఒక్క మాటతో లెన్స్ మీద పెట్టించడం నాకు సహించదు. ఇకమీదట ఈ పాయింటు నాకు ఎవరు పంపినా గట్టిగానే మాట్లాడతాను.

చివరిది, వేరే కంపెనీ లెన్సులు. సోనీ ఈ-మౌంట్ వివరాలు 2011లోనే బయటి కంపెనీలకు ఇచ్చింది. అందుకే టామ్రాన్ 28-75 ఎఫ్2.8 లాంటివి, 540 గ్రాముల బరువుతో, జీఎం కంటే చాలా తక్కువ ధరకు దొరుకుతున్నాయి. నికాన్ జెడ్‌కి కూడా టామ్రాన్, సిగ్మా లైసెన్స్ తీసుకునే చేస్తున్నాయి. కెనాన్ 2024లో ఆ రెండు కంపెనీలకు ఆర్‌ఎఫ్ తెరిచింది, అప్పుడు కూడా మొదట ప్రకటించినవన్నీ ఏపీఎస్-సీ లెన్సులే. సిస్టమ్ ఎంచుకునే కుర్రాడికి ముందు చెప్పాల్సిన విషయం ఇది. మెసేజ్ దీన్నే దాచింది.

అయితే ఈ పాయింటులో ఒక నిజం ఉంది, నేను ఒప్పుకోవాలి. సోనీ ఏ1 కెమెరా సొంత కంపెనీ లెన్స్‌తో సెకనుకు 30 ఫ్రేముల దాకా తీస్తుంది, వేరే కంపెనీ లెన్స్ పెడితే 15 దగ్గర ఆగుతుంది. సోనీ టెలికన్వర్టర్లు (లెన్స్ రీచ్ పెంచే ముక్కలు) కూడా వేరే కంపెనీ లెన్సులకు పనికిరావు. కొల్లేరులో పక్షులు తీసేవాళ్ళు, క్రికెట్ తీసేవాళ్ళు సొంత కంపెనీ లెన్సే కొనాలి, ఎక్కువ పెట్టయినా సరే. తాళి కట్టే క్షణానికి సెకనుకు 15 ఫ్రేములు చాలు.