మేటు మీద కాకి: స్టాక్డ్ గ్రాఫు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్టాక్డ్ గ్రాఫు గారికి,

అంబాజీపేట పక్క ఊరి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మా బాబాయి తప్ప. ఆయన భోగి నాడు మా నాన్నతో మాటలు మానేస్తే మళ్ళీ కలపడానికి పదకొండు రోజులు పట్టింది. వాళ్ళిద్దరి మధ్య గట్టు తగాదా లేదు, బోదె నీళ్ళ తగాదా అంతకన్నా లేదు. మధ్యలో దూరింది తమరే, అంటే ఒక లెక్క మీద ఇంకో లెక్కని రంగు పట్టీలుగా పేర్చి చూపించే బొమ్మ.

పేర్చడం మాకు కొత్త విద్యేం కాదండి. కుప్ప వేసేటప్పుడు కంకులు లోపలికీ మొదళ్ళు బయటికీ పెట్టి పేరుస్తారు, వానొచ్చినా గింజ తడవకుండా. నూర్పు అయ్యాక గడ్డిమేటు. ఒకడు పైన నిలబడి తొక్కుతుంటాడు, ఇంకొకడు కింద నుంచి మోపులు అందిస్తుంటాడు. మేటు పూర్తయ్యాక దాని మీద కాకి వాలుతుంది. మా పేటలో అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ఆ కాకిని చూసి ఇరవై అడుగుల కాకి అనదు. తమరు అనిపిస్తారు. అదీ డిగ్రీలు చదివిన వాళ్ళ చేత.

జరిగింది చెప్తాను. మా కొబ్బరి తోట తాతగారి నాటిది, ఇప్పటికీ ఉమ్మడి. దింపు తీయించేది, కాయ అమ్మేది నాన్న. వచ్చిన దాంట్లో సగం బాబాయికి ఇస్తాడు. పొలాలు ఎవరివి వాళ్ళకి. రొయ్యల చెరువు మాత్రం నాన్న సొంతంగా తవ్వించుకున్నది. పదేళ్ళ లెక్కలు, 2014 నుంచి 2023 దాకా, ఎర్ర అట్ట పుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. పండక్కి వచ్చిన నేను ఊరికే ఉండకుండా (ఉద్యోగంలో ఈ పనే చేస్తాను కాబట్టి దురద) ఆ అంకెలన్నీ ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, అందులో బొమ్మలు గీసే జీజీప్లాట్‌తో ఏరియా గ్రాఫు (గీత కింద రంగు నింపేది) గీయమన్నాను. పేర్చమని నేను అనలేదు. ఏరియా అంటే చాలు, తమరు అడక్కుండానే వచ్చి కూర్చుంటారు. బార్లు గీసినా అంతే. విడివిడిగా కావాలంటే మనమే ప్రత్యేకంగా బతిమాలుకోవాలి.

పేర్చిన వరుస ఎవరు నిర్ణయించారంటే, అక్షరక్రమం. కొబ్బరి, దాళ్వా (రెండో పంట వరి), రొయ్య, సార్వా (తొలి పంట వరి). 'క' ముందు వస్తుంది కాబట్టి కొబ్బరి అందరి నెత్తిమీదా కూర్చుంది, 'స' చివర కాబట్టి సార్వా అడుగున పడింది. ఇందులో ఇంకో విశేషం ఉంది. 2016లో జీజీప్లాట్2 వాళ్ళు 2.2.0 వెర్షన్‌లో ఈ పేర్చే వరుసని తిరగేశారు, పక్కన ఏ రంగు దేనిదో చెప్పే జాబితాతో సరిపోవాలని. అంతకు ముందు వెర్షన్ అయితే కొబ్బరి అడుగున, నేల మీద, ఉన్నది ఉన్నట్టు బల్లపరుపుగా కనిపించేది. బాబాయి కాఫీ తాగి ఇంటికెళ్ళేవాడు.

మా కొబ్బరి రాబడి పదేళ్ళుగా ఎక్కడిదక్కడే ఉంది. పెరిగింది రొయ్య. కింద రొయ్య లావెక్కే కొద్దీ దాని మీదున్న దాళ్వా, దాని మీదున్న కొబ్బరి పైకి లేచాయి. స్క్రీన్ మీద ఆకుపచ్చ రంగు కొబ్బరి గీత ఎడమ నుంచి కుడికి గాలిపటంలా పోయింది.

బాబాయి కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. "ఏరా, కొబ్బరి ఇంతెత్తు వెళ్ళిందేంటి? మరి నాకు ఏటా అదే డబ్బులొస్తాయేం?"

"ఒరేయ్, ఒక్క కాయ దాచుంటే నా చెయ్యి పడిపోవాలి," అన్నాడు నాన్న.

"నువ్వు దాచావని నేనన్నానా అన్నయ్యా? మీవాడి కంప్యూటర్ అంటోంది."

నేను వివరించాను. పై గీత ఎత్తు చూడకూడదు బాబాయ్, పట్టీ మందం చూడాలి, పై గీతలోంచి కింది గీత తీసెయ్యాలి అన్నాను. ఆయన వేలితో ఆ పట్టీ మందం కొలవబోయాడు. పట్టీ ఏటవాలుగా పోతుంటే మందం నిలువుగా కొలవాలా, పట్టీ వాలుకి అడ్డంగా కొలవాలా? మనిషి కన్ను దగ్గరి దూరాన్ని, అంటే అడ్డంగా ఉన్నదాన్ని కొలుస్తుంది. అందుకే గీత నిటారుగా లేచిన చోటల్లా పట్టీ సన్నబడినట్టు కనిపిస్తుంది. ఒకే నేల మీద నిలబెట్టిన వాటి ఎత్తుల్ని మనిషి బాగా పోల్చగలడనీ, నేల మారితే తడబడతాడనీ క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు 1984లోనే జనానికి బొమ్మలు చూపించి మరీ తేల్చారు. మీ దగ్గర నేల మీద నిలబడే భాగ్యం ఒక్కరికే. మిగతా వాళ్ళంతా ఇంకొకరి భుజం ఎక్కినవాళ్ళే.

ఇంతలో అమ్మ వంటింట్లోంచి ఇడ్లీ స్టాండు పట్టుకుని వచ్చింది. కాడ పట్టుకుని ఎత్తి చూపించింది. "ఏం తమ్ముడూ, పై ప్లేటులో ఇడ్లీ ఎత్తున ఉందని అడుగు ప్లేటులో దానికంటే పెద్దదా? అక్కడా నాలుగే, ఇక్కడా నాలుగే."

మీ గురించి ఇంతకన్నా బాగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. అయినా బాబాయి, "ఇడ్లీ సంగతి వేరు వదినా," అని చెప్పులేసుకున్నాడు.

మర్నాడు కబురు పంపాడు. వచ్చింది కాదు, ఖర్చులు పోను మిగిలింది చూపించమను, అని. ఈసారి ఎక్సెల్‌లో, అదే వరుసలో వేశాను. రెట్టింపు తప్పు. చెరువుకి వైట్ స్పాట్ జబ్బు తగిలిన ఏడాది ఒకటుంది. ఆ ఏడాది రొయ్య లెక్క మైనస్. తమరు మైనస్‌ని కూడా మొహమాటం లేకుండా కూడేశారు. రొయ్య పట్టీ సార్వాలోకి దిగబడింది, దాంతోపాటు పైనున్న దాళ్వా, కొబ్బరి కుంగాయి. చెరువులో రొయ్యకి జబ్బు చేస్తే గట్టు మీద కొబ్బరిచెట్టు వాలినట్టు! "ఆ ఏడు తుపానేం రాలేదే," అన్నాట్ట బాబాయి. ఆయన తప్పేముంది?

ఎక్సెల్‌లో మీ తమ్ముడొకడు ఉన్నాడు, స్టాక్డ్ లైన్ అని. మీరైనా రంగులు పూసుకుని తిరుగుతారు, చూసిన వాడికి ఏదో పేర్చినట్టు అనుమానమైనా వస్తుంది. వాడు మామూలు గీతల వేషంలో, మామూలు గీతల బొమ్మ పక్కనే ఉంటాడు. లోపల కూడిక. వాడి జోలికి నేను పోను.

అలాగని మిమ్మల్ని ఊళ్ళోంచి వెలేయమని కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరికెళ్ళండి. అక్కడ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ఆర్మ్‌లు, అంటే బ్యారేజీ భాగాలు. నాలుగింటి నుంచీ వదిలిన నీళ్ళు కలిపితే ఎన్ని క్యూసెక్కులన్నదే అసలు ప్రశ్న. పది లక్షలైతే మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడైతే రెండోది, పదిహేడైతే మూడోది. 1986 ఆగస్టులో ముప్పై అయిదు లక్షలు దాటింది, ఆ మాట ఇప్పటికీ మా పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్తారు. అక్కడ మీరు పేర్చండి, పై గీత చూసి లంకల్లో వాళ్ళు సామాను సర్దుకుంటారు. మొత్తమే కావలసిన చోట మీరు దేవుడు. కాకపోతే ఏ ఆర్మ్‌లో ఎంతని అడిగితే మాత్రం పక్క గుడికి పంపించండి.

ఆ పక్క గుడి కూడా మీ పేరే పెట్టుకోవడం మా ఖర్మ. మ్యాట్‌ల్యాబ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో 2018లో స్టాక్డ్ ప్లాట్ అని ఒకటి తెచ్చారు. అది ఒకదాన్ని ఇంకోదాని మీద కూడదు. ఒక్కో లెక్కకి ఒక్కో గది కట్టి, ఆ గదుల్ని అంతస్తుల్లా నిలబెడుతుంది, అందరికీ అడుగున ఒకే కాలం గీత. ఆర్‌లో ప్లాట్ టీఎస్ అనే ఆదేశం ఇదే పని ఎప్పట్నుంచో చేస్తోంది. ఉమ్మడి కాపురం మానేసి వేరు కుంపట్లు పెట్టించడం అన్నమాట, వీధి గుమ్మం మాత్రం ఒకటే.

సరే అని నాలుగు గదులు గీశాను. ఇక్కడా చిన్న తంటా. ప్లాట్ టీఎస్ ఒక్కో గదికి సొంత కొలత ఇస్తుంది. కొబ్బరిలో అటూ ఇటూ ఉన్న రెండు మూడు వేల తేడా గది నిండా సాగి అంతర్వేది అలల్లా ఎగిసిపడింది. నాన్న తల పట్టుకున్నాడు. దాన్ని చెరిపేసి, జీజీప్లాట్‌లో ఫేసెట్ (బొమ్మని గదులుగా విడగొట్టే ఏర్పాటు) వేసి, నాలుగు గదులకీ ఒకే కొలత పెట్టాను. రొయ్య లేచింది, ఒకచోట నేలకింద మునిగింది, మళ్ళీ లేచింది. సార్వా, దాళ్వా వాటి పద్ధతిలో అవి. కొబ్బరి బద్దగా పడుకుంది.

ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. బాబాయి అరుగు మీద కూర్చుని నాలుగు పట్టీలూ చాలాసేపు చూశాడు. పిన్నిని పిలిచి కత్తెర తెమ్మన్నాడు. కొబ్బరి పట్టీ వరకూ కత్తిరించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిగతా మూడూ నా చేతిలో పెట్టి, "ఇవి మీ నాన్నవి, ఇచ్చెయ్. సాయంత్రం వస్తానని చెప్పు, దింపు వాళ్ళని ఎప్పుడు పిలవాలో మాట్లాడుకోవాలి," అన్నాడు.

మిమ్మల్నయితే ఎక్కడ కత్తిరించమంటారండీ?

ఇట్లు,
నాలుగు ఇడ్లీలు తిని ఈ ఉత్తరం రాస్తున్న
కోనసీమ కుర్రాడు