పూర్వ విద్యార్థులే గీటురాయి

ఒక న్యాయ కళాశాల గొప్పదనాన్ని దేనితో కొలవాలన్న ప్రశ్న 1950లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. హేమన్ స్వెట్ అనే నల్లజాతి తపాలా ఉద్యోగి టెక్సాస్ విశ్వవిద్యాలయ లా స్కూల్లో సీటు కోరగా, ఆయనను చేర్చుకోవడానికి మనసొప్పని రాష్ట్ర ప్రభుత్వం ఆస్టిన్ నగరంలో ఒక భవనం నేలమాళిగలో గదులు తీసుకొని నల్లవారికంటూ వేరే లా స్కూలును హడావుడిగా తెరిచింది. 'వేరైనా సమానమే' అన్న 1896 నాటి ప్లెసీ తీర్పును అడ్డం పెట్టుకొని, స్వెట్‌కు జరిగిన అన్యాయమేమీ లేదని వాదించింది. జూన్ 5న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ వాదనను తోసిపుచ్చారు. వారు అధ్యాపకుల సంఖ్యతోనో, గ్రంథాలయంలోని పుస్తకాల లెక్కతోనో సరిపెట్టుకోలేదు. కొలతకు అందని గుణాలే ఒక లా స్కూలును గొప్పగా నిలుపుతాయంటూ అధ్యాపకుల పేరుప్రతిష్ఠలు, సంస్థ సంప్రదాయాలతో పాటు పూర్వ విద్యార్థుల హోదానూ పలుకుబడినీ అందులో చేర్చారు.

ఆ గీటురాయి మీద నిగ్గుతేలిన సంస్థ స్వెట్ న్యాయవాది థర్‌గుడ్ మార్షల్‌ను తయారుచేసిన, నల్లజాతి విద్యార్థులకు నెలవైన హోవార్డ్ లా స్కూలే. మన పాఠకులకు హోవార్డ్ అనగానే కమలా హారిస్ గుర్తుకు రావచ్చు గానీ, ఆమె అక్కడ చదివింది డిగ్రీ మాత్రమే, న్యాయశాస్త్రం కాదు. 1869లో వాషింగ్టన్‌లో మొదలైన ఈ స్కూలు నుంచి 1872లో పట్టా పుచ్చుకున్న షార్లెట్ రే అమెరికాలో తొలి నల్లజాతి మహిళా న్యాయవాది. అయితే చాలాకాలం అది ఉద్యోగాలు చేసుకునేవారి కోసం సాయంత్రం నడిచే బడిగానే ఉండిపోయింది. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చిన చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ 1929లో పగ్గాలు చేపట్టి, కొద్ది సంవత్సరాల్లోనే దాన్ని గుర్తింపు పొందిన పూర్తికాలపు కళాశాలగా మలిచారు. లాయరన్నవాడు సమాజానికి ఇంజనీరైనా కావాలి, లేదంటే పరాన్నజీవిగా మిగులుతాడని ఆయన విద్యార్థులకు నూరిపోసేవారు. స్వరాష్ట్రంలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ లా స్కూలు నల్లవారిని రానివ్వదు గనుక బాల్టిమోర్ నుంచి రోజూ రైలెక్కి వచ్చి చదివిన థర్‌గుడ్ మార్షల్ 1933లో తరగతిలో ప్రథముడయ్యారు. మరో రెండేళ్ళకే గురుశిష్యులిద్దరూ అదే మేరీలాండ్ లా స్కూలును కోర్టుకు ఈడ్చి, డోనాల్డ్ ముర్రే అనే యువకుడికి అందులో సీటు ఇప్పించారు.

వరుసగా లా స్కూళ్ళనే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. చిన్నపిల్లల బడి కొంత తక్కువగా ఉన్నా సమానమేనని నమ్మించగలరేమో గానీ, లా స్కూల్లో చదివే బెంచి ఎక్కిన న్యాయమూర్తికి నేలమాళిగలోని లా స్కూలు కూడా లా స్కూలేనని నమ్మబలకడం కష్టం. పైగా ఒకరిద్దరి కోసం వేరే లా స్కూలు నడపడమంటే ఏ రాష్ట్ర ఖజానాకైనా బరువే. ఓక్లహోమా మాత్రం పట్టుదలకు పోయింది. అడా లోయిస్ సిప్యుయెల్ అనే నల్లజాతి యువతిని తన విశ్వవిద్యాలయ లా స్కూల్లో 1949లో చేర్చుకున్నాక కూడా ఆమెను తరగతి చివర, 'కలర్డ్' అని రాసిపెట్టిన కుర్చీలో ఒంటరిగా కూర్చోబెట్టింది. ఆమె అక్కడే చదువు ముగించి, 1992లో అదే విశ్వవిద్యాలయ పాలకమండలిలో సభ్యురాలయ్యారు.

సుప్రీంకోర్టులో వాదించబోయే ప్రతి పెద్ద కేసునూ ముందుగా హోవార్డ్‌లో ఆడి చూసేవారు. అధ్యాపకులు న్యాయమూర్తుల్లా కూర్చొని మార్షల్‌ను, ఆయన సహచరులను అడ్డప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేస్తుంటే విద్యార్థులు వెనక కూర్చొని వినేవారు, లొసుగులు పట్టేవారు. తరగతికీ కోర్టుకూ మధ్య గోడ లేని ఇలాంటి చదువు నాడు మరెక్కడా దొరికేది కాదంటే అతిశయోక్తి కాదు. 1954 మే 17న పాఠశాలల్లో వర్ణవివక్షను కొట్టేసిన బ్రౌన్ తీర్పు వెనక ఆ కసరత్తు ఉంది. అందులో కలిపి విచారించిన వర్జీనియా కేసును నడిపిన ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ కూడా హోవార్డ్ పట్టభద్రులే. ఈ విజయాలకు బాట వేసిన హ్యూస్టన్ మాత్రం స్వెట్ తీర్పుకు కొన్ని వారాల ముందే, 54 ఏళ్ళకే కన్నుమూశారు.

ఈ ఘనతను పొగిడేవారు తరచు దాటవేసే పేరు పాలీ ముర్రే. 1944 తరగతిలో ఆమె ఒక్కరే మహిళ, ప్రథమ స్థానమూ ఆమెదే. అసమానతను నిరూపించే పనిలో పడకుండా ప్లెసీ తీర్పునే నేరుగా ఢీకొనాలని ఆమె అన్నప్పుడు తోటివారు నవ్వారు. పాతికేళ్ళలో అది కూలుతుందని ఆమె అధ్యాపకుడైన రాబిన్సన్‌తో 10 డాలర్ల పందెం కాశారు. పదేళ్ళకే కూలింది. బ్రౌన్ కేసుకు సిద్ధమవుతూ రాబిన్సన్ ఆమె విద్యార్థినిగా రాసిన వ్యాసాన్ని బయటకు తీశారన్న సంగతి చాలా ఏళ్ళ తర్వాత గానీ ఆమెకు తెలియలేదు. పై చదువుకు హార్వర్డ్ ఆమెను కాదన్నది నల్లజాతి మనిషైనందుకు కాదు, ఆడమనిషైనందుకు. హోవార్డ్ తరగతి గదులకూ ఆ మకిలి లేకపోలేదు.

'తొలి నల్లజాతి న్యాయమూర్తి', 'తొలి నల్లజాతి మహిళా న్యాయమూర్తి' అంటూ బిరుదుల జాబితా అల్లడంతోనే వారసత్వం పూర్తయిందనుకునే వైఖరితో మేము ఏకీభవించలేం. మార్షల్ 1967లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి కావడం గొప్ప విషయమే. అంతకుముందు న్యాయవాదిగా అదే కోర్టులో వాదించిన 32 కేసుల్లో 29 గెలవడం అంతకన్నా గొప్పది. ఈ వారసులందరిదీ ఒకే గొంతు కూడా కాదు. ప్రవేశాల్లో జాతిని పరిగణించరాదని 2023 జూన్ 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు ఆ కోర్టులోని ఇద్దరు నల్లజాతి న్యాయమూర్తుల్లో యేల్‌లో చదివిన క్లారెన్స్ థామస్ దాన్ని సమర్థించారు. హార్వర్డ్‌లో చదివిన కెటాంజీ బ్రౌన్ జాక్సన్ నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ కేసులో గట్టిగా విభేదించారు. ఇద్దరూ తమ అభిప్రాయాల్లో ఒకరికొకరు నేరుగా బదులిచ్చుకున్నారు కూడా.

తీర్పు ప్రభావం అంకెల్లో కనిపించడానికి ఎంతోకాలం పట్టలేదు. హార్వర్డ్ లా స్కూలు మొదటి సంవత్సరంలో 2023లో 43 మంది నల్లజాతి విద్యార్థులు చేరితే, 2024లో 19 మందే చేరారు. పెద్ద స్కూళ్ళ తలుపులు ఇలా ఇరుకైతే భారం మళ్ళీ హోవార్డ్ మీద, స్వెట్‌ను దూరం పెట్టడానికి టెక్సాస్ మొదలుపెట్టగా నేడు హ్యూస్టన్ నగరంలో థర్‌గుడ్ మార్షల్ పేరుతోనే నడుస్తున్న లా స్కూలు మీద పడుతుంది. హోవార్డ్ విశ్వవిద్యాలయానికి ఏటా నిధులు కేటాయించే అమెరికా కాంగ్రెస్ ఈ మారిన లెక్కను గమనించి ఆ మొత్తాన్ని పెంచాలి. పూర్వ విద్యార్థుల పలుకుబడిని తమ ఘనతగా చెప్పుకునే సంపన్న లా స్కూళ్ళు, 1950 నాటి తీర్పు తమకూ వర్తిస్తుందని ఒప్పుకొని, రంగు అడగకుండానే పేద ప్రాంతాల బడుల నుంచి, చిన్న కళాశాలల నుంచి విద్యార్థులను వెతికి తెచ్చుకునే పని ఈ ఏడాది ప్రవేశాల నుంచే మొదలుపెట్టాలి.