క్రెడిట్ల ఖాతా ఉంది, పాఠం చెప్పే మనిషి లేరు

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. 2020 జాతీయ విద్యా విధానం పేరుతో ఏపీలో 2023-24 నుంచి సింగిల్ మేజర్, అంటే ఒకటే ప్రధాన సబ్జెక్టు, పెట్టారు. ఒకప్పుడు బీఎస్సీ ఎంపీసీ అంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ సమానంగా చదివేవాళ్లు. మా అమ్మాయికి ఒకటే మేజర్, పక్కన ఒక మైనర్, అంటే తోడు సబ్జెక్టు. నచ్చిన మైనర్ ఎంచుకోమన్నారు. తీరా కాలేజీకి వెళ్తే ఆ సబ్జెక్టుకి లెక్చరరే లేరు, ఉన్నదాంతో సర్దుకోమన్నారు.

పాసైన సబ్జెక్టులకు వచ్చే క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతా ఒకటి తెరవాలన్నారు. ఆ క్రెడిట్ల ఖాతా కోసం నెట్ సెంటర్ చుట్టూ మూడుసార్లు తిరిగాం. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, టెన్త్ మెమోలో పూర్తిగా ఉంది. పేరు కలవలేదని తిప్పి కొడుతోంది. పిల్ల ఏడుపు ఒక్కటే తక్కువ.

ఏడాదికి మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా ఇస్తారట. ఆ కాగితం చూసి ఉద్యోగం ఎవరిస్తారండీ? మధ్యలో మానేసేది మాలాంటి ఇళ్ల ఆడపిల్లలే. ముందు ఆ ఖాళీ కుర్చీలో ఒక మాస్టారిని కూర్చోబెట్టండి.