"ముందు సంపాదిద్దాం, గాలీ నీళ్లూ తర్వాత చూసుకుందాం" అంటున్నవాళ్లకి

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, చివరికి పెద్దమ్మ కొడుకు పెళ్లి పనుల కోసం పెట్టిన గ్రూపులో కూడా ఒకటే మెసేజ్. "పర్యావరణం డబ్బున్న దేశాల ముచ్చట. పేదవాడికి ఆకలి తప్ప ఇంకేదీ పట్టదు. ముందు మనం ధనిక దేశం అవుదాం, తర్వాత గాలీ నీళ్లూ వాటంతటవే బాగుపడతాయి. అమెరికా, ఇంగ్లండు చేసింది అదే." దానికి తోడు శుభ్రంగా ఉన్న యూరప్ నదుల ఫొటోలు, ఇందిరా గాంధీ అన్నారంటూ ఒక మాట. పంపినవాళ్లంతా చదువుకున్నవాళ్లే, చాలామంది విజయవాడ వాళ్లే. ఈ ఊళ్లో ఉంటూ ఈ మాట ఎలా ఫార్వర్డ్ చేయగలుగుతున్నారో నాకు అర్థం కావడం లేదు.

ఫొటోల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. పారిస్‌లో సెన్ నదిలో ఈత 1923లో నిషేధించారు. జనం మళ్లీ అందులో దిగింది 2025 జులైలో. ఆ నూరేళ్లలో ఫ్రాన్స్ ఏనాడూ పేద దేశం కాదు. మురుగు నదిలోకి రాకుండా సుమారు 140 కోట్ల యూరోలు పెట్టి పనులు చేస్తే గానీ ఈతకు పనికిరాలేదు. వాటంతటవే బాగుపడినవి ఏవీ లేవు.

ఇందిరా గాంధీ మాట కూడా అంతే. పేదరికం, అవసరం అన్నిటికన్నా పెద్ద కాలుష్య కారకాలు కావా అని 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సులో ఆవిడ అడిగిన మాట నిజమే. అక్కడితో ఆపేస్తే ఎలా? అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం తెచ్చింది ఆవిడ ప్రభుత్వమే. నీటి కాలుష్య చట్టం 1974లో, గాలి కాలుష్య చట్టం 1981లో, రెండూ ఆవిడ హయాంలోనే వచ్చాయి. దేశం ధనికం అయ్యేదాకా ఆవిడ ఆగలేదు.

"పేదవాడికి పట్టదు" అన్న మాట చదివితే కోపం వస్తుంది. 1974లో ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లా రేణీ గ్రామంలో కాంట్రాక్టరు మనుషులు గొడ్డళ్లతో వస్తే, ఆ ఊరి గౌరాదేవి వెంట వెళ్లి చెట్లకు అడ్డం నిలబడింది పల్లెటూరి ఆడవాళ్లు. కొండమీద చెట్లు పోతే వరద తమ ఇళ్లమీదికి వస్తుందని వాళ్లకు తెలుసు. పలచటి ప్లాస్టిక్ సంచుల్ని ప్రపంచంలో మొదట నిషేధించింది 2002లో బంగ్లాదేశ్. వరదల్లో ఆ సంచులే కాలువలకు అడ్డం పడ్డాయని వాళ్లు చూశారు. అమలు గట్టిగా జరగలేదు, అది వేరే సంగతి. భూటాన్ 2008 రాజ్యాంగంలో కనీసం 60 శాతం నేల అడవిగా ఉండాలని రాసుకుంది. మరి డబ్బున్నవాళ్లో? భూమిని వేడెక్కించే వాయువుల్ని తగ్గించుకోవాలన్న క్యోటో ఒప్పందం నుంచి బయటికి వెళ్లిపోతున్నానని కెనడా 2011లో ప్రకటించింది. అలాంటిదే అయిన పారిస్ ఒప్పందం నుంచి అమెరికా 2020లో తప్పుకుని, 2021లో తిరిగొచ్చి, 2025లో మళ్లీ తప్పుకుంటున్నానని చెప్పింది.

ఇక అసలు మాట, "ముందు ధనికులమవుదాం". ఈ మెసేజ్‌లో నిజంగా ప్రమాదకరమైనది ఇదే. దీని వెనకాల ఒక సిద్ధాంతం ఉంది. ఆదాయం పెరిగేకొద్దీ కాలుష్యం మొదట పెరిగి, ఒక దశ దాటాక తగ్గుతుందని 1990లలో గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు గమనించారు. సల్ఫర్ డయాక్సైడ్ లాంటి వాటి విషయంలో అది కనిపించింది. కార్బన్ డయాక్సైడ్ దగ్గర ఆ లెక్క అంత తేలిగ్గా కుదరలేదు. ఈ రోజుకీ సగటు అమెరికన్ వదిలేది ఏడాదికి సుమారు 14 టన్నులు, మనం 2 టన్నులు. పైగా ఇది దానంతట అదే జరుగుతుందని అనుకోవద్దని ఆ ఇద్దరే రాశారు.

అమెరికాలో ఏం జరిగింది? క్లీవ్‌లాండ్‌లో కయహోగా నది నూనె మురికితో 1969లో అంటుకుని మండింది. అది మొదటిసారి కూడా కాదు. అప్పటికే అమెరికా ప్రపంచంలో అత్యంత ధనిక దేశం! మరుసటి ఏడాది ఏప్రిల్ 22న, మొదటి ధరిత్రీ దినోత్సవం నాడు, సుమారు 2 కోట్ల మంది రోడ్లమీదికి వచ్చారు. 1972లో నీటి చట్టం చేస్తే, ఖర్చు ఎక్కువని అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశాడు. కాంగ్రెస్ ఆ వీటోను కొట్టేసి చట్టం తెచ్చింది. అంత ధనిక దేశంలోనూ డబ్బు లేదన్న మాటే అడ్డం వచ్చింది. నది బాగుపడింది జనం పట్టుబట్టడం వల్ల.

"తర్వాత చూసుకుందాం" అంటే ఏమిటో చూడాలంటే అమెరికా దాకా అక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1న మా విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం తెల్లారేసరికి నీళ్లలో ఉన్నాయి. వాన అసాధారణంగా కురిసింది, కాదనను. ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, ఊరి మీదుగా పారే బుడమేరు వాగు మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. కానీ బుడమేరు పారాల్సిన దారిలో ప్లాట్లు వేసి అమ్మింది వాన కాదు. ఆ నీళ్లు చివరికి చేరాల్సిన కొల్లేరు సరస్సులో చేపల చెరువుల గట్లు వేసింది వాన కాదు. 2006లో ఆ గట్లు కొట్టేస్తే మళ్లీ లేచాయి. ఇదంతా అభివృద్ధి పేరుతోనే జరిగింది. కొందరు నిజంగానే ధనవంతులయ్యారు.

నీళ్లు తీశాక సింగ్ నగర్ వీధుల్లో నడిచాను. ప్రతి గుమ్మం ముందు బురదపట్టిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఉబ్బిపోయిన పరుపులు. ఆటోల ఇంజన్లు విప్పి రోడ్డుమీదే కడుగుతున్నారు. ఒకావిడ పిల్లల టెన్త్ సర్టిఫికెట్లు దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తోంది. ఆ ప్లాట్ల లాభంలో ఈమెకి పైసా రాలేదు. ధనికులయ్యాక శుభ్రం చేసుకుందాం అనే మాట ఆ గుమ్మం ముందు నిలబడి చెప్పగలరా? ఎవరు ధనికులయ్యాక? ఎవరి ఇల్లు మునిగాక?

 

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. డబ్బు అవసరమే, చాలా అవసరం. ఉజ్వల పథకం కింద గ్యాస్ కనెక్షన్ వచ్చినా, గ్యాస్ బండ మళ్లీ నింపించుకోవడానికి డబ్బుల్లేక కట్టెల పొయ్యి ఊదుకునే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పొగ వాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. వాళ్ల ఆదాయం పెరిగితే ఆ గాలి తప్పకుండా బాగుపడుతుంది. మురుగు శుద్ధి ప్లాంట్లు కూడా ఊరికే రావు. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద దేశాలకు 2020 కల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగన్‌లో మాటిచ్చి, ఆ మొత్తాన్ని రెండేళ్లు ఆలస్యంగా 2022లో గానీ సమకూర్చలేదు. అందులోనూ ఎక్కువ భాగం అప్పులే. ఈ విషయంలో వాళ్లని గట్టిగా నిలదీయాల్సిందే, నేనూ గొంతు కలుపుతాను. కానీ దాన్ని చూపించి బుడమేరు గట్టున ఇంకో లేఅవుట్ వేస్తామంటే మాత్రం ఒప్పుకోను.