ఆ పాఠం ఇంట్ల చదువుకోవాల్నట!

ఇయ్యాల బడి నుంచి రాంగనే నా బిడ్డ పుస్తకం తెచ్చి నా ముందట పెట్టింది. "అమ్మా, ఈ పాఠం ఇంట్ల చదువుకోమన్నడు సారు." ఎనిమిదో తరగతి జీవశాస్త్రం, కౌమారదశ. కణం చెప్పిండు, సూక్ష్మజీవులు బొమ్మలేసి మరీ చెప్పిండు. ఇక్కడికొచ్చేసరికి గొంతు పడిపోయిందట. వెనుక బెంచీల మగపిల్లలు కిసకిస నవ్విండ్రట, సారు పేజీలు తిప్పేసి వేరే పాఠం అందుకున్నడట.

ఫోన్ చేసి అడిగిన. "తల్లివి నువ్వున్నవ్ గదమ్మా, నువ్వే చెప్పు" అన్నడు. చెప్త సారూ, లెక్కలు గూడ నేనే చెప్త, జీతం గూడ నాకే ఎయ్యమను!

సిగ్గట. దేవరకొండ రోడ్డు పొంటి పోయి చూడుండ్రి, పిల్ల ఫొటోతోని నిలువెత్తు ఫ్లెక్సీలు. ఓణీల ఫంక్షన్. పెద్దమనిషైందని డీజే పెట్టి, యాటలు కోసి మండలమంతా చెప్తరు. ఏమైందో చెప్పనిది ఒక్క ఆ పిల్లకే. మెడికల్ షాపుల ప్యాడ్లు మాత్రం పేపర్ల సుట్టి, నల్లకవర్ల పెట్టి, దొంగసొమ్ము లెక్క చేతిల పెడ్తరు.

ఇసొంటియి బడిల చెప్తే సంస్కృతి పాడైతదని మా వాట్సాప్ గ్రూపుల ఒకాయన. గదే మాటని 2007ల మహారాష్ట్ర, కర్ణాటకల ఈ లైంగిక విద్య బడులకు రాకుండ ఆపిండ్రు. ఆపితే ఏం బాగుపడ్డది? పిల్లల మీద లైంగిక దాడులు చేసేటోళ్లను శిక్షించెతందుకు 2012ల పోక్సో చట్టం తేవాల్సే వచ్చింది. ఒంటి మీద ఏ భాగాన్ని ఏమంటరో నేర్పకపోతిరి, రేపు ఎవడన్న చెయ్యేస్తే ఆ పిల్ల ఏ మాటతోని చెప్పాలె?

అసలు నా కడుపుమంట ఇయ్యాల్టిది కాదు. నేను తొమ్మిదిల ఉన్నప్పుడు క్లాసులనే అయింది. ఏదో రోగమొచ్చి సస్తున్న అనుకున్న. బడిల బాత్రూం లేదు, నీళ్లు లేవు, పుస్తకాల సంచి వెనుక అడ్డం పెట్టుకొని ఇంటిదాక నడిచిన. ఫ్లోరైడ్ జిల్లా పిల్లలం గద, పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే నల్లగొండ టెక్నిక్ నిద్రల లేపి అడిగినా అప్పజెప్తుంటిమి. పండ్లెందుకు గారబడ్తయో తెల్సు, ఒంట్లకెల్లి రక్తమెందుకొస్తదో తెల్వది. పదకొండు రోజులు మూలకు కూసోబెట్టిండ్రు. గప్పుడే ఆర్నెల్ల పరీక్షలు. "ఇగ దీనికి సదువెందుకు" అన్నడు మా మేనమామ. ఆయనకు ఇప్పటికీ మా ఇంట్ల మొదటి విస్తరి!

ఇంకో ముచ్చట మర్చిన. గొంతు పడిపోయిన మన సారు, పోయిన నెలనే బిడ్డకు ఓణీల ఫంక్షన్ చేసిండు. మేము గూడ పోయి 1,116 చదివించొచ్చినం. పిల్ల ఫొటో ఉన్న కార్డు మా ఫ్రిజ్ మీదనే ఉన్నది. రేపు బడికి గది పట్టుకొనే పోత.