సారీ అంటే క్షమించండి కాదు

నరసరావుపేటలో తమ్ముడు పోయాడని కబురు వచ్చిన మర్నాడు, సిడ్నీ పడమటి శివారులో కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడను చూడటానికి పక్కింటి ఆస్ట్రేలియా ఆవిడ వచ్చింది. చేతిలో మూతపెట్టిన గాజు గిన్నె, అందులో కూరగాయలతో చేసిన ఏదో వంటకం. గుమ్మంలోనే నిలబడి, పెద్దావిడ చెయ్యి పట్టుకుని, "ఐయామ్ సో సారీ" అంది. మన పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, నేను ఆదివారం ఇంగ్లీషు తరగతిలో నేర్పిన జవాబును నేర్పినట్టే అప్పజెప్పింది: "ఇట్స్ ఓకే. నో ప్రాబ్లమ్."

ఆ ఆదివారం తరగతికి వచ్చి ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న ఇది: "అది కాదు బాబూ, మా తమ్ముడు పోతే ఆవిడ క్షమాపణ చెప్పడమేమిటి? ఆవిడేం చేసింది పాపం?"

తరగతిలో మిగిలినవాళ్ళు నవ్వు ఆపుకున్నారు. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎందుకంటే మొదటి వారం బోర్డు మీద 'సారీ = క్షమించండి' అని రాసి, ఎవరైనా ఆ మాట అంటే ఏమని బదులు చెప్పాలో వల్లె వేయించినవాణ్ణి నేనే. పైగా విజయవాడలో పద్నాలుగేళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పి వచ్చినవాణ్ణి. ఇక్కడి మన తెలుగు సంఘం తల్లిదండ్రుల కోసం అచ్చువేసిన చిన్న పుస్తకంలో కూడా ఆ సమీకరణమే ఉంది. వచ్చే ముద్రణలో దాన్ని కొట్టెయ్యాలని అడగడానికే ఈ వ్యాసం.

మన మాటలను ఒకసారి వరసగా పెట్టి చూడండి. క్షమించండి. మన్నించండి. తప్పు కాయండి. ఏమీ అనుకోకండి. అన్నీ ఎదుటివారికి పని చెప్పే మాటలే. క్షమించే పని, కాచే పని, ఏమీ అనుకోకుండా ఉండే పని. భారమంతా అవతలివారి మీద వేసి మనం చేతులు కట్టుకుని నిలబడతాం. వాళ్ళు "పర్వాలేదు" అనేదాకా వ్యవహారం తెమలదు. పూజ చివర "అపరాధ సహస్రాణి" అని చదివినా అంతే, చివరికి వచ్చేది "క్షమస్వ" అన్న అభ్యర్థనే.

సారీ ఎవరినీ ఏమీ అడగదు. అది విశేషణం, నా మనసు ఎలా ఉందో చెప్పి ఊరుకుంటుంది. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో నొప్పిని, పుండును 'సార్' అనేవారు (మన బడిపంతులు సార్ కాదు, నవ్వకండి). దాని నుంచి 'సారిగ్' వచ్చింది: నొప్పితో, బాధతో నిండి ఉన్న అని అర్థం. గొంతు నొప్పికి ఇప్పుడు వాడే 'సోర్', ఈ 'సారీ' తోబుట్టువులు. దుఃఖమనే అర్థం ఉన్న 'సారో' కూడా ఆ ఇంటిదేనని అందరూ అనుకుంటారు గానీ దాని వేరు వేరే, అది 'సోర్గ్' అనే మాట నుంచి వచ్చింది. పక్కపక్క ఇళ్ళలో పెరిగి పోలికలు కలిసిపోయిన పిల్లలన్నమాట.

కాబట్టి సారీకి తెలుగులో మొదట రాయవలసిన అర్థం 'నాకు బాధగా ఉంది' అని. బాధ దేనికన్నది ఆ తరువాతి సంగతి. మీ తమ్ముడు పోయినందుకు నాకు బాధ, అది పరామర్శ. మీ కాలు తొక్కినందుకు నాకు బాధ, అది క్షమాపణ. మీరడిగిన మందు మా దుకాణంలో లేనందుకు బాధ; అది మర్యాదగా లేదనడం. మీ మాట నాకు వినపడనందుకు బాధ, చివర గొంతు పైకి లేపి "సారీ?" అంటే 'ఏమన్నారు, మళ్ళీ చెప్పండి' అని. ఈ చివరిదాన్ని మా తరగతిలో చాలామంది క్షమాపణ అనుకుని "నో ప్రాబ్లమ్" అనేస్తారు. బ్యాంకు కౌంటరు దగ్గర అడిగినావిడ మళ్ళీ "సారీ?" అంటుంది. వీళ్ళు మళ్ళీ "నో ప్రాబ్లమ్" అంటారు. ఇది కట్టుకథ కాదు, నా కళ్ళముందు జరిగింది.

సారీ పక్కన ఏ చిన్న మాట చేరుతుందన్నది కూడా నేర్పాలి. నేను చేసిన పనికి అయితే 'సారీ ఫర్', జరిగినదానికి ఎక్కువగా 'సారీ అబౌట్', ఒక కబురు విన్నందుకో ఇబ్బంది పెడుతున్నందుకో 'సారీ టు' అని క్రియ. వీటి మధ్య గోడలు అంత గట్టివేమీ కావు, ఇంగ్లీషువాళ్ళే కలిపేస్తుంటారు. కానీ ఒక్కచోట మాత్రం జాగ్రత్త తప్పనిసరి. 'ఫీల్ సారీ ఫర్' అంటే జాలిపడటం. జాలి ఎప్పుడూ పైనుంచి కిందికే చూస్తుంది. భర్తను పోగొట్టుకున్న మనిషితో "ఐ ఫీల్ సారీ ఫర్ యూ" అంటే, ఓదార్చబోయి చిన్నబుచ్చినట్టవుతుంది. 'ఫీల్' తీసేసి "ఐయామ్ సో సారీ" అంటే చాలు. నామవాచకం ముందు పెడితే అర్థం ఇంకా దిగజారుతుంది: 'సారీ స్టేట్' అంటే దీనస్థితి. ఇక వేలు చూపిస్తూ "యూ విల్ బి సారీ" అంటే అచ్చంగా మన "తరువాత ఏడుస్తావు" అన్నదే. ఇక్కడ మాత్రం రెండు భాషలూ ఒక్క తీరుగానే ఆలోచించాయి.

బాధ, క్షమాపణ అనే ఈ రెండు అర్థాల మధ్య తేడా పాఠ్యపుస్తకాల తగాదా అనుకునేవారు ఈ దేశపు చరిత్ర చూడాలి. సుమారు 1910 నుంచి 1970 దాకా ఇక్కడి ప్రభుత్వాలు, మిషన్లు ఆదివాసీ పిల్లలను, టోరెస్ జలసంధి దీవుల పిల్లలను తల్లుల దగ్గరి నుంచి లాక్కుపోయాయి. ముగ్గురిలో ఒకరి నుంచి పదిమందిలో ఒకరి దాకా అలా పోయారని 1997లో పార్లమెంటు ముందుకు వచ్చిన విచారణ నివేదిక లెక్క. క్షమాపణ చెప్పాలని ఆ నివేదిక సిఫారసు చేసింది. అప్పటి ప్రధాని జాన్ హోవర్డ్ ఆ మాట అననన్నారు. ఇప్పటి తరం చెయ్యని పనికి ఇప్పటి తరం ఎందుకు బాధ్యత వహించాలని ఆయన వాదన. 1999 ఆగస్టులో పార్లమెంటులో తీర్మానం పెట్టారు. అందులో ఉన్న మాట 'రిగ్రెట్', విచారం. సారీ లేదు.

2000 మే 28న ఆదివాసీలతో సఖ్యత కోరుతూ సిడ్నీ హార్బర్ వంతెన మీద దాదాపు రెండున్నర లక్షల మంది నడిచారు. ఆ రోజు ఒక విమానం పొగతో ఆకాశం మీద ఒకే ఒక మాట రాసింది: సారీ. నేనప్పటికి ఇక్కడికి రాలేదు, ఫొటోలే చూశాను. ఆ నడిచినవాళ్ళలో దాదాపు ఎవరూ ఏ పిల్లనూ లాక్కుపోయినవారు కాదు. మా బాధ ఇది అని చెప్పుకున్నారు. హోవర్డ్‌గారు మాత్రం ఆ మాటలో క్షమాపణ అర్థం ఒక్కటే చూశారని నా అభిప్రాయం. అంటే నేను బోర్డు మీద రాసిన సమీకరణమే! ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్న ప్రధానికీ నాకూ ఒకే పొరపాటు జరిగిందని తెలిశాక నాకు కొంచెం ఊరట కలిగిన మాట నిజం.

ఆదివాసీ సమాజాల ఇంగ్లీషులో ఈ మాట మూలార్థం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వాళ్ళలో ఎవరైనా చనిపోతే జరిగే సంతాప కార్యాన్ని, ఆ రోజులను 'సారీ బిజినెస్' అంటారు. మనం మైల, పదకొండో రోజు అన్నప్పుడు ఎంత బరువు ఉంటుందో అంత బరువున్న మాట అది. ఆఫీసులో తోటి ఉద్యోగి 'సారీ బిజినెస్' మీద ఊరెళ్ళాడంటే ఏదో వ్యాపారం చెడిందనుకోకండి. బిడ్డల్ని పోగొట్టుకున్న ఆ తల్లుల చెవిలో సారీ అన్న మాట ఎలా పలుకుతుందో ఇప్పుడు ఆలోచించండి. 2008 ఫిబ్రవరి 13న అప్పటి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో లేచి "వీ సే సారీ" అని మూడుసార్లు అన్నప్పుడు బయట పచ్చికలో నిలబడి తెర మీద చూస్తున్నవాళ్ళు ఏడ్చారు. 'రిగ్రెట్' విని ఎవరూ ఏడవలేదు.

ఆ 'రిగ్రెట్' మనకూ కొత్త కాదు. జలియన్‌వాలాబాగ్ కాల్పులకు నూరేళ్ళు నిండబోతుండగా, 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రధాని థెరిసా మే పార్లమెంటులో వాడిన మాటా అదే. సారీ అనలేదు. మాటలు ఎంచుకుని వాడేవాళ్ళకు ఏ మాట బరువెంతో బాగా తెలుసు.

ఈ మాట అర్థం రెండుగా చీలి ఉండటం వల్ల ఒకసారి మేలు కూడా జరిగింది. 2001 ఏప్రిల్ 1న దక్షిణ చైనా సముద్రం మీద అమెరికా నిఘా విమానం, చైనా యుద్ధవిమానం ఢీకొన్నాయి. చైనా పైలట్ పోయాడు. అమెరికా విమానం హైనాన్ దీవిలో దిగింది. అందులోని 24 మందిని చైనా పట్టి ఉంచింది. క్షమాపణ చెప్పాలని చైనా, చెప్పేది లేదని అమెరికా. చివరికి అమెరికా రాయబారి ఇచ్చిన లేఖలో 'వెరీ సారీ' అని రెండుచోట్ల ఉంది: ఒకటి పైలట్ పోయినందుకు, రెండోది మాటతో అనుమతి అందకుండానే విమానం దిగినందుకు. చైనా దాన్ని క్షమాపణగా తన జనానికి చెప్పుకుంది. మేము బాధ మాత్రమే తెలిపామని అమెరికా తన జనానికి చెప్పుకుంది. మనుషులు ఇంటికి చేరారు. క్షమించండి అనే మాటతో ఈ పని జరిగేదే కాదు. అందులో దాక్కోవడానికి చోటు లేదు.

చట్టాలు కూడా ఈ చీలికను గుర్తించక తప్పలేదు. సారీ అంటే తప్పు ఒప్పుకున్నట్టేనన్న భయంతో డాక్టర్లు రోగి బంధువుల ముందు నోరు విప్పకపోవడం ఎన్నో దేశాల్లో ఉన్నదే. మేముండే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 2002 నాటి సివిల్ లయబిలిటీ చట్టం, క్షమాపణ చెప్పినంత మాత్రాన బాధ్యత ఒప్పుకున్నట్టు కాదని స్పష్టంగా రాసింది. కొత్తగా వచ్చినవాళ్ళకు "ఏం జరిగినా సారీ మాత్రం అనకండి, ఇరుక్కుంటారు" అని ఉపదేశించే పెద్దమనుషులు మన సంఘంలో ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళు ఆ చట్టం ఒక్కసారి చదివితే బాగుంటుంది.

ఇంతకీ మనకు సారీ లేదా అంటే, మాటగా లేదు గానీ చేతగా ఉంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. వినాయకుడి ముందు గుంజీళ్ళు తీస్తాం. పొరపాటుకు చెంపలు వేసుకుంటాం. చావు ఇంటికి వెళ్ళి "ఎంత పని జరిగిపోయింది" అని ఒక మాట అని గంటసేపు ఊరికే కూర్చుంటాం. ఆ కూర్చోవడమే మన సారీ. ఫోనులో, వాట్సాప్‌లో కూర్చోవడం కుదరదు కాబట్టి, ఇక్కడినుంచి ఊళ్ళో చావుకు ఏమని రాయాలో తెలియక మనవాళ్ళు మూడక్షరాల ఇంగ్లీషు ఆశీర్వచనం అంటించి ఊరుకుంటున్నారు. దానికన్నా "నాకు చాలా బాధగా ఉంది" అని తెలుగులో రాస్తే ఏం పోతుంది? సారీకి అసలు అర్థం అదే కదా.

మన భాషలో సారీ ఇంత గట్టిగా నిలబడిపోవడానికి ఇంకో కారణం ఉందని నేననుకుంటాను. క్షమించండి అనే మాట కింది నుంచి పైకే ప్రయాణిస్తుంది. కొడుకు తండ్రిని, కోడలు అత్తగారిని, నౌకరు యజమానిని అడగవచ్చు. పైనుంచి కిందికి రావాలంటే దానికి దారి లేదు. పెద్దవాళ్ళు దండం పెడితేనే ఆయుక్షీణం అనుకునే ఇళ్ళలో, తండ్రి కొడుకుతో "నన్ను క్షమించరా" అంటే నాటకంలో చివరి అంకంలా ఉంటుంది. "సారీ రా" అంటే ఇంట్లో మాటలా ఉంటుంది. అడగడం లేదు కాబట్టి తగ్గడమూ లేదు. ఇలా వాడేవాళ్ళను చూసి తెలుగు పాడైపోయిందని బాధపడే మిత్రులున్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. లేని చోటు చూసుకుని వచ్చి కూర్చున్న మాట అది.

ఇదంతా ఆ రోజు తరగతిలో, ఇంత పొడుగ్గా కాకపోయినా, చెప్పాను. బోర్డు మీద పాత సమీకరణం తుడిచి 'నాకు బాధగా ఉంది' అని రాశాను. పక్కింటావిడకు "థాంక్యూ" అంటే సరిపోయేదని, ఇప్పుడైనా గాజు గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు అనవచ్చని చెప్పాను. పెద్దావిడ నోటుపుస్తకంలో రాసుకుంది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా, పులిహోర పెట్టి ఇస్తానంది. తరగతి అయిపోయాక అందరూ వెళ్ళేదాకా ఆగి, సంచీ సర్దుకుంటూ, నా మొహం చూడకుండా అడిగింది:

"అయితే బాబూ, ఇది కోడలితో కూడా అనవచ్చా?"